బావ బండికి ఇరుసు

వంగిన ఇనుము కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఇరవై ఏళ్లుగా ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. నాగలి ముక్క గానీ, ట్రాలీ కొక్కెం గానీ వంగి వచ్చిందంటే ప్రెస్ కింద పెట్టి తిన్నగా చేసి ఇచ్చేస్తాను. కొత్తది కొనుక్కోమని రైతుకు చెప్పడం మా షెడ్లలో ఒక రకమైన నామోషీ. చేతగాక కొనమన్నాడని నలుగురూ అనుకుంటారేమోనని లోపల ఒక గుబులు. ఆ నామోషీతోనే నేను మా బావకు అన్యాయం చేశాను.

బావ అంటే మా అక్క భర్త. బైకుకు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని ఊరూరా తిరిగి పాలు పట్టుకొచ్చేవాడు. ఒక్క చోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. తన పెళ్లిలో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా బండి తాళంచెవి గుప్పిట్లోనే ఉందని అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. కొన్నేళ్ల కిందట రోడ్డు మీదికి వచ్చిన బర్రెను తప్పించబోయి పడ్డాడు. నడుముకు దెబ్బ తగిలింది. దవాఖానాలన్నీ తిరిగి ఇంటికి వచ్చేసరికి ఎడమ కాలు పూర్తిగా పోయింది, కుడి కాలిలో సగం సత్తువ మిగిలింది. చంక కర్రలతో గదిలోంచి వాకిట్లోకి రాగలడు, అంతే.

రెండేళ్లు ఆ వాకిట్లోనే కూర్చున్నాడు. రోడ్డు మీద పోయే ప్రతి బండి చప్పుడూ విని, అది ఏ బండో, దానికి ఏం రోగమో చెప్పేవాడు. మొదట్లో నవ్వేవాళ్లం. పోను పోను ఆ మాటలు వినబుద్ధి అయ్యేది కాదు. ఏదో ఒక పని ఉందని చెప్పి లేచి వచ్చేసేవాణ్ని.

అలాంటప్పుడు నా షెడ్డుకు ఒక క్వాడ్ బైకు వచ్చింది. బొంగులూరు వైపు ఒక ఫాంహౌసు వాళ్లు ఆటలకని తెప్పించుకుని, మోజు తీరాక మూలన పడేసిన బండి అది. బైకుకు ఉన్నట్టే సీటు, హ్యాండిలు ఉంటాయి, చక్రాలు మాత్రం నాలుగు. మా దగ్గర నాలుగు గీరల బండి అంటారు. పొలం పనులకు వాడే రకం కాదు, మట్టి ట్రాకుల మీద పందేలకు చేసిన రకం. ఒళ్లు తేలిక, కోపం ఎక్కువ. నాకు మాత్రం దానిలో ఒక్కటే కనబడింది. ఆగినప్పుడు కాలు కింద పెట్టనక్కర్లేదు. వేగం బొటనవేలితో నొక్కేది, వెనక బ్రేకుకు కుడి కాలు చాలు. ఎడమ కాలితో మార్చాల్సిన గేరుకు చేత్తో లాగే కడ్డీ ఒకటి అతికించాను.

అక్క ఒక్కటే షరతు పెట్టింది, మెల్లగా పోవాలని. ఆ బండికి బొటనవేలి మీట దగ్గర చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పితే మీట సగం దాకానే పోతుంది, ఎంత నొక్కినా బండి పరుగెత్తదు. అక్క చూస్తుండగానే బిగించాను. బండెక్కడానికి వాకిట్లో సిమెంటు దిమ్మె కట్టాం. బావ దాని మీద కూర్చుని, చేతుల మీద జరిగి, సీటెక్కి, మమ్మల్ని పక్కకు జరగమని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. గంట తర్వాత తనంతట తానే తిరిగి వచ్చాడు. ఆ పూట ఆయన జొన్నరొట్టె ఒకటి ఎక్కువ తిన్నాడని అక్క నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఎనిమిది నెలలు బాగా గడిచాయి. తర్వాత ఒకరోజు వెనక చక్రం ఊగుతోందని బావ బండి తెచ్చాడు. చూస్తే ఇరుసు వంగి ఉంది. ఆ బండికి వెనక చక్రాలు రెండింటినీ కలిపేది ఒకే ఒక్క ఉక్కు కడ్డీ. మధ్యలో బేరింగుల గూట్లో తిరుగుతుంది. చైను దాన్నే తిప్పుతుంది, బండి బరువూ, మనిషి బరువూ దాని మీదే పడతాయి. కొత్తది తెప్పించాలా అని బావ అడిగాడు. నేనుండగా కొత్తది ఎందుకని నవ్వి, కడ్డీ ఊడదీసి, ప్రెస్ కింద పెట్టి, దారం పట్టి చూసుకుంటూ తిన్నగా చేశాను. వెంట్రుకవాసి వంకర లేదు. నా పనికి నేనే మురిసిపోయాను.

మూడు వారాలు తిరక్కుండా అది విరిగింది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, మనిషి మసలని చోట, ఒక చక్రం ఊడి అంత దూరాన పడి బండి ఒక పక్కకు కూలబడింది. బావకు గీరుకుపోవడం తప్ప పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు. గొర్రెలు కాసేవాళ్లు చూసి, చద్దరులో పడుకోబెట్టి, నలుగురు నాలుగు కొసలు పట్టుకుని ఇంటికి మోసుకొచ్చారు. దారిలో ఎదురైనవాళ్లు సంగతి తెలియక, పోయాడనుకుని చెప్పులు విడిచి పక్కకు నిలబడ్డారట. మోసినవాళ్లు మంచివాళ్లు, పసిపిల్లాణ్ని దించినట్టు దించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

బావ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు నేను వెళ్లి పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండానే అన్నాడు.

"కొత్తది పెడ్తవో ఏం పెడ్తవో పెట్టు బామ్మర్దీ. గని ఇంకొక్కసారి నన్ను గట్ల మోసుకొస్తే నేను మళ్ల ఆ బండెక్క. ఈడనే కూసుంట."

ఆయన మాట అంటే మాటే. మళ్లీ ఆ వాకిలి, మళ్లీ రోడ్డు మీది బండ్ల చప్పుళ్లు.

షెడ్డుకు వచ్చి విరిగిన ముక్కలు బల్ల మీద పెట్టుకున్నాను. విరిగినదాన్ని చూసి నడిపినవాడి సంగతి చెప్పడం మా పనిలో ఒక విద్య. క్లచ్ ప్లేటు చేతికిస్తే, ఏ డ్రైవరు పెడలు మీద కాలు ఆనించి పెడతాడో చెప్పగలను. ఈ ముక్క చూస్తే మాత్రం నా సంగతే కనబడింది. విరిగిన చోట సగం మేర నల్లగా, పాతగా ఉంది, సగం మెరుస్తోంది. నల్లటి సగం ముందునుంచే చీలుతూ వచ్చింది. అది మొదలైంది సరిగ్గా నా ప్రెస్ నొక్కిన చోట. నేను మురిసిపోయిన రోజే ఆ కడ్డీ సగం చచ్చిపోయిందన్నమాట. బావను ఆ చద్దరులో పడుకోబెట్టింది నేనే.

రోడ్డుకు ఆ పక్కన ఇనుము చెక్కే లేత్ మిషన్ పెట్టుకున్న భాయి ఒకాయన ఉన్నాడు. మా తాతల కాలం నుంచి ఆ కుటుంబం ఇక్కడే. సంగతి తెలిసి ఒక పాత ట్రాక్టరు షాఫ్టు తెచ్చి నా ముందు పెట్టాడు. సుత్తెతో కొట్టి వినమన్నాడు. ఖంగుమని చాలాసేపు మోగింది. మాకు మంచి ఉక్కు అంటే మంచి మోత, ఇంతకాలం ఆ లెక్కనే పని చేశాం. దీన్ని కోసి, చెక్కి, పళ్లు తీసి ఇస్తానన్నాడు. నా చెయ్యి మళ్లీ ఊరుకోలేదు, సరే అనబోయాను. అంతలో కాల్చి గట్టిపరచడం ఎలాగని అడిగాను. రంగు చూసి అందాజాగా అన్నాడు. మరీ గట్టిపడితే పుటుక్కున విరుగుతుంది, గట్టిపడకపోతే వంగుతుంది. నాగలికి అందాజా చాలు. బావ మీద రెండోసారి అందాజా వేసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ మాటే చెబితే భాయి ఏమీ అనుకోలేదు.

"నా సొంత బావ బండైతే నేను గూడ చెయ్య భయ్యా," అన్నాడు.

కొత్తదే కొనాలని తేలింది. బండి చేసినవాళ్లు వేసే మామూలు ఇరుసు కాకుండా, పందేలవాళ్ల కోసం విడిగా ఇంకా గట్టివి చేసి అమ్ముతారని తెలిసింది. వేరే రాష్ట్రంలో అలాంటి సామాన్లు అమ్మే ఒకామె నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. నా హిందీ ట్రాక్టరు సామాన్లు కొనడానికి సరిపోయేంత. ఉన్నవాటిలో గట్టిది పంపమన్నాను. ఆమె పంపనంది. నడిపే మనిషి బరువెంత, ఎక్కడ నడుపుతాడు, ఎత్తు నుంచి దూకిస్తాడా, బండి పోయే దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎంత వెడల్పు, పాతది ఏ చోట వంగింది అని వరుసగా అడిగింది. సంబంధం మాట్లాడడానికి వచ్చినట్టు ఇన్ని ప్రశ్నలేమిటని నాకు చిరాకేసింది. మా బావ ఎద్దులబండి కన్నా మెల్లగా పోతాడని చెప్పాను. ఇరుసు ఏ చోట, ఎటు వంగిందో చెప్పి, విరిగిన ముక్కల ఫొటోలు పంపమంటే పంపాను.

పది నిమిషాల్లో ఆమే ఫోన్ చేసింది. మెల్లగా పోయే బండికి ఇరుసు ఆ చోట వంగదనీ, బేరింగు గూడు దాటగానే పైకి వంగిందంటే బండి గాల్లోకి లేచి ఒక చక్రం మీద దిగుతోందనీ చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానని గట్టిగా అని ఫోన్ పెట్టేశాను. చాయ్ తాగి చల్లబడ్డాక మళ్లీ ముక్క చేతిలోకి తీసుకున్నాను. ఆమె చెప్పింది నిజం. ఇంకెవరి బండైనా అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. బావది కాబట్టి చూడదలుచుకోలేదు. లేచి షెడ్డు మూలనున్న బావ బండి దగ్గరికి వెళ్లి బొటనవేలి దగ్గరి స్క్రూ చూశాను. అది చివరిదాకా బయటికి తిప్పేసి ఉంది.

కోపంతో అక్క ఇంటికి పోయాను. బావ లోపల కునుకు తీస్తున్నాడు. అక్క వాకిట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బావ స్క్రూ విప్పేసుకున్నాడని ఫిర్యాదు చేశాను. అక్క తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆయన గాదు తమ్మీ, నేనే తీసిన. ఆ దినం గడ్డి మోపు నెత్తిన పెట్టుకొని వస్తున్న. మీ బావ ముందల పోతుండు. సైకిలోడు గూడ ఆయనను దాటుకుంట పోయిండు. వాకిట్ల కూసున్నప్పుడు ఆయన మొఖం ఎట్లుండెనో, బండి మీద గూడ గట్లనే ఉన్నది. ఇంటికొచ్చి చాకుతోని తిప్పిన."

అయితే దూకించడం సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పాను. అప్పుడు ఆమె చేతులు ఆగాయి. పడతాడా అని అడిగింది. పడొచ్చు అన్నాను. మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

"పడుడు ఆయన సంగతి. విరగకుంట చూసుడు నీ సంగతి," అంది.

దాచుకోవడం ఎందుకు, అప్పటికి నా బుర్రలో ఇంకో ఆలోచన తిరుగుతోంది. మామూలు ఇరుసే వేస్తే, మళ్లీ వంగుతుందన్న భయంతో బావ మెల్లగా పోతాడు కదా, ఎవరికీ ప్రమాదం ఉండదు కదా అనుకున్నాను. ఆ ఆలోచనలో భయం నాది, నష్టం ఆయనది. భయంతో ఆయన ఆగే మనిషి కాదు. మళ్లీ విరుగుతుంది, మళ్లీ చద్దరు వస్తుంది. అక్క రెండు మాటల్లో నా పని నాకు అప్పగించింది. చాకుతో స్క్రూ తిప్పిన మనిషి ముందు నేను ఇంకేం వాదిస్తాను?

ఇక మిగిలింది వెడల్పు. ఆ ఇరుసుల్లో ఒక్కో వైపు రెండు అంగుళాలు పొడుగ్గా ఉండే రకం ఉంది. చక్రాలు దూరంగా ఉంటే బండి తిరగబడదు. నా ప్రాణం దాని మీదే ఉంది. కానీ దారిలో ఇరుకైన చోటు ఎంతని ఆ సామాన్లమ్మే ఆమె అడిగింది కదా, అది కొలవడానికి బావను నా బైకు వెనక కూర్చోబెట్టుకున్నాను. జారకుండా అక్క తువ్వాలతో ఆయన్ని నా నడుముకు కట్టింది. ఆయన దారి చెబుతుంటే నేను నడిపాను. చెరువు నీళ్లు తగ్గితే తేలే శిఖం నేల అంచున పోయి, ప్లాట్లు అమ్ముడుపోక వదిలేసిన ఒక వెంచర్ దగ్గర ఆపమన్నాడు. చుట్టూ నిలువుగా పాతిన రాతి కడీల కంచె, ఒక చోట రెండు కడీల మధ్య సందు. తువ్వాల విప్పి, బైకును స్టాండు వేసి, ఆయన్ని దాని మీదే ఉంచి టేపు పెట్టి కొలిచాను. ఇప్పుడున్న బండికే చెరో వైపు రెండు వేళ్ల సందు మిగులుతుంది. రెండు అంగుళాల రకం వేస్తే బండి కడీల దగ్గరే ఆగిపోతుంది.

లోపల రోడ్ల కోసం పోసి వదిలేసిన మొరం కుప్ప ఉంది, మనిషిన్నర ఎత్తు. దాని మీద చక్రాల జాడ పైదాకా ఉంది, ఆ తర్వాత లేదు. మళ్లీ అవతల నేల మీద మొదలైంది. మధ్యలో ఎంత దూరం ఉందో నమ్మలేక రెండుసార్లు అడుగులు వేసి చూశాను. ముందే చెప్పి చావొచ్చు కదా అని కసిరాను. చెబితే ఆపేవాడివి అన్నాడు. నిజమే, ఆపేవాణ్ని.

"గీ కుప్ప మీదికెల్లి పోతే బండి లేస్తది," అన్నాడు బావ, నేను మళ్లీ బైకెక్కి తువ్వాల కట్టుకున్నాక, నా వీపు వెనక నుంచి. "ఎంతో సేపుండదు, గింతంతే. గని గంత సేపు నా కాళ్లు నాకు యాదికే రావు."

ఆయన మొహం నాకు కనబడటం లేదు, అది మంచిదే అయింది. ఆయనకు నాది కనబడలేదు.

ఇంటికి వస్తూ దారంతా ఇరుసు గురించే ఆలోచించాను. పొడుగు రకం సందు పట్టకపోవడం ఒక్కటే కాదు. పానాకు పైపు తొడిగితే బిగిసిన నట్టు కూడా ఊడొస్తుంది, పొడుగుకు ఉన్న బలం అది. ఇరుసు పొడుగైతే చక్రం మీద పడిన దెబ్బ కూడా అలాగే ఎక్కువై దాన్ని వంచుతుంది. ఇంతకాలం పైపులు తొడుగుతూ బతికినవాడికి ఇది ముందే తట్టాలి. సామాన్లమ్మే ఆమెకు ఫోన్ చేసి, మొదట ఆ రోజు విసురుగా మాట్లాడినందుకు తప్పయిందని చెప్పాను. వెడల్పు మామూలుదే, కానీ బేరింగు గూడు దాటే చోట లావుగా, పందేలవాళ్లు దూకడానికి వాడే ఉక్కుతో చేసినది కావాలన్నాను. ఆమె ఇంక ప్రశ్నలేమీ అడగలేదు.

పెట్టె వచ్చిన రోజు భాయి కూడా రోడ్డు దాటి వచ్చాడు. ఇద్దరం పెద్దమనుషుల్లా ఇరుసు చుట్టూ తిరిగాం. ఆయన ఆకురాయితో ఒక కొసన గీకి చూశాడు, గీత కూడా పడలేదు. నేను సుత్తెతో కొట్టి విన్నాను. ఆ మోతకూ మంచికీ సంబంధం లేదని తెలిసి కూడా కొట్టాను, అలవాటు పోదు. బావ స్టూలు మీద కూర్చుని చక్రాల నట్లు తానే బిగించాడు. రెండేళ్లు చంక కర్రల మీద బతికిన చేతులవి. ఆయన బిగించాక నేను సరిచూద్దామని పట్టుకుంటే నట్టు కదల్లేదు.

రెండు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, బావ నుంచి ఫోన్ వచ్చింది.

"బండి ఆగింది. ఇరుసు గాదు," అన్నాడు. మొదటి మాటకు ఆగిన నా ఊపిరి రెండో మాటకు వచ్చింది.

అక్కను బైకు మీద ఎక్కించుకుని పోయాను. ఆ తొందరలో పానాల పెట్టె మొత్తం తెచ్చుకున్నాను గానీ లాగడానికి తాడు తేలేదు. మొరం కుప్పకు అవతల బావ సీటు మీదే కూర్చుని ఉన్నాడు. చైను తెగి పాములా నేల మీద పడి ఉంది. చైను తిప్పే పళ్ల చక్రానికి నాలుగు పళ్లు ఎగిరిపోయాయి. అక్కడ అయ్యే రిపేరు కాదు. తప్పు మళ్లీ నాదే. ఒకదాన్ని గట్టిది చేస్తే దెబ్బ దాని పక్కనున్న మెత్తటిదాన్ని వెతుక్కుంటుంది. ఇరుసు కోసం అన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నవాణ్ని, దాన్ని అంటుకునే ఉన్న అరిగిపోయిన పళ్ల చక్రం వంక చూడలేదు.

నన్ను నేను తిట్టుకుంటూ, బండి ఇక్కడే ఉండనీ, ట్రాలీ తెచ్చి వేసుకుపోతాను, ముందు నిన్ను దించి బైకు మీద ఇంటికి చేరుస్తానన్నాను. ఎత్తడానికి ఆయన చంకల కింద చేతులు పెట్టాను. బావ హ్యాండిలు వదల్లేదు.

"నన్ను లేపకు. బండి నూకు," అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అక్కకు పట్టలేదు. ఆమె అప్పటికే కొంగు నడుముకు చెక్కి బండి వెనక్కి పోయింది.

ఇద్దరం నెట్టాం. చైను లేని బండి కాబట్టి చక్రాలకు అడ్డం లేదు. ఇరుసు తిన్నగా ఉంది. వెనక చక్రాలు రెండూ ఊగకుండా, గీరుకోకుండా, ఒక్కటిగా తిరుగుతున్నాయి. అది విరిగి ఉంటే ఆ బండిని పది మంది కూడా నెట్టలేరు. బావ దాన్ని కడీల సందులోంచి రాళ్లు తగలకుండా తెచ్చాడు. పల్లం వస్తే బ్రేకు వేశాడు, ఎత్తు వస్తే ముందుకు వంగాడు, మేం ఇద్దరం ఒకే వైపు నెడుతున్నామని మా మీద కోపం కూడా చేసుకున్నాడు.

రోడ్డెక్కేసరికి మా ఇద్దరికీ ఆయాసం వచ్చింది. పత్తి ఏరి వస్తున్న ఒకామె ఆగి, ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బావే జవాబిచ్చాడు.

"ఏం కాలే చెల్లె. చైన్ తెగింది. ఇంటికి పోతున్న."

ఆమె తలూపి తన దారిన తాను పోయింది. అక్కా నేనూ వెనక వంగి నెడుతూనే ఉన్నాం. ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. బావ వెనక్కి తిరగలేదు, రోడ్డు చూసుకుంటూ బండి నడుపుతున్నాడు.